పాత ఫోర్‌వీల్ డ్రైవ్ బండికి సీవీ జాయింట్ సర్వీసు, కొత్త బూట్లు: విప్పడం నుంచి బిగించడం దాకా

ముందు చక్రం రిమ్ లోపలి వైపు, పక్కనున్న సస్పెన్షన్ ఆర్మ్ మీద, ఒక్కోసారి షాక్ అబ్జార్బర్ మీద కూడా నల్లటి గ్రీజు చారలా చిమ్మి ఉందంటే సీవీ బూట్, అంటే శక్తిని చక్రానికి చేరవేస్తూ వంగే సీవీ జాయింట్ మీది రబ్బరు తొడుగు, చిరిగినట్టే. అది చూశాక కొందరు "శబ్దం రావట్లేదు కదా, వచ్చినప్పుడు చూద్దాం" అని వదిలేస్తారు, ఇంకొందరు యాక్సిల్ మొత్తం పీకేసి కొత్తది వేయించేస్తారు. రెండూ నష్టమే. చిరిగింది పైనున్న రబ్బరు తొడుగు మాత్రమే. లోపలి స్టీలు జాయింట్‌కి గ్రీజు ఉండి, దుమ్మూ నీళ్లూ తగలకపోతే అది చాలా ఏళ్లు నడుస్తుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన జాయింట్ ఇంకా బాగుంటే దాన్ని విప్పి, కడిగి, కొత్త గ్రీజు, కొత్త బూట్ వేసుకోవడమే ఊరూపేరూ లేని కొత్త యాక్సిల్ కొనడం కంటే మేలని నా గట్టి అభిప్రాయం. కాకపోతే చిరుగుని త్వరగా పట్టుకోవాలి. మాలిబ్డినం గ్రీజులో ఇసుక కలిస్తే అది సాన పట్టే పేస్టులా తయారై జాయింట్‌ని లోపలి నుంచే అరగదీస్తుంది, అప్పుడు పైన ఎంత మంచి బూట్ వేసినా లాభం లేదు.

ముందు మీ బండిలో ఏ రకం ఉందో చూసుకోండి

పాత ఫోర్‌వీల్ డ్రైవ్‌లలో ముందు యాక్సిల్ రెండు రకాలుగా ఉంటుంది. మొదటిది ఇండిపెండెంట్ సస్పెన్షన్. ఇందులో డిఫరెన్షియల్ (శక్తిని రెండు చక్రాలకీ పంచే గేర్ల పెట్టె) ఛాసిస్‌కి బిగించి ఉంటుంది, రెండు పక్కల నుంచీ ఒక్కో హాఫ్ షాఫ్ట్ చక్రానికి వెళ్తుంది, ప్రతి షాఫ్ట్‌కీ రెండు జాయింట్లు, రెండు రబ్బరు బూట్లు. పాత మిత్సుబిషి పజేరో, టార్షన్ బార్లతో (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు) వచ్చిన టొయోటా హైలక్స్, సుజుకి విటారా ఈ రకం. రెండోది సాలిడ్ యాక్సిల్. ల్యాండ్ క్రూజర్ 80 సిరీస్, సుజుకి సమురాయ్ లాంటి వాటిలో జాయింట్ నకుల్ (చక్రాన్ని మోస్తూ స్టీరింగ్‌తో తిరిగే భాగం) దగ్గరున్న ఇనుప గోళంలో దాక్కుని ఉంటుంది, బయట మడతల బూటే ఉండదు. ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం మొదటి రకం గురించే. రెండో రకం పని తీరే వేరు, దాని సంగతి చివర్లో చెప్తాను.

జాయింట్ లోపల ఏముందో తెలిస్తే సగం పని అయినట్టే. చక్రం వైపున్నది సాధారణంగా జెప్పా రకం, 1920ల్లో ఆల్‌ఫ్రెడ్ జెప్పా అనే ఇంజనీరు రూపొందించినది. బయట ఒక గిన్నె, లోపల నక్షత్రం ఆకారంలో ఇన్నర్ రేస్, రెండింటి మధ్య గాడుల్లో ఆరు బాల్స్, ఆ బాల్స్‌ని ఒకే వరుసలో పట్టి ఉంచే కేజ్. జాయింట్ ఎంత వంగినా బాల్స్ ఆ కోణానికి సరిగ్గా సగంలో ఉండే తలంలోనే నిలబడతాయి, అందుకే రెండు షాఫ్టులూ ఎప్పుడూ ఒకే వేగంతో తిరుగుతాయి. మామూలు యూనివర్సల్ జాయింట్ అయితే వంగి తిరిగేటప్పుడు వేగం ప్రతి చుట్టుకీ రెండుసార్లు హెచ్చుతగ్గులవుతుంది, స్టీరింగ్‌తో తిరిగే ముందు చక్రానికి అది అంతగా నప్పదు. డిఫరెన్షియల్ వైపు జాయింట్ ఎక్కువ వంగక్కర్లేదు గానీ చక్రం పైకీ కిందకీ ఆడేటప్పుడు షాఫ్ట్ పొడవు మారాలి కాబట్టి లోపలికీ బయటికీ జరగగలగాలి. అందుకే అక్కడ మూడు రోలర్ల ట్రైపాడ్ గానీ, తిన్నని గాడులున్న డబుల్ ఆఫ్‌సెట్ జాయింట్ గానీ పెడతారు.

నిజంగా సీవీ జాయింటేనా?

స్టీరింగ్ పూర్తిగా తిప్పి, మెల్లగా కదులుతూ యాక్సిలరేటర్ నొక్కితే టక్ టక్ టక్ అని చక్రం వేగంతో పాటే పెరిగే శబ్దం వస్తే బయటి (చక్రం వైపు) జాయింట్ అరిగిందని. తిన్నగా వెళ్తూ వేగం పెంచేటప్పుడు మాత్రమే ముందు భాగం పక్కలకి ఊగి, వదిలేస్తే ఆగిపోతే లోపలి ట్రైపాడ్‌ని అనుమానించాలి. గేరు వేసినప్పుడో, యాక్సిలరేటర్ నొక్కి వదిలినప్పుడో ఒక్కసారి "డబ్" మంటే మాత్రం తొందరపడి సీవీ మీద పెట్టకండి. ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్ జాయింట్లు, డిఫరెన్షియల్ పళ్ల మధ్య సందు కూడా అదే శబ్దం ఇస్తాయి.

పార్ట్ టైమ్ ఫోర్‌వీల్ డ్రైవ్‌లో (కావాలన్నప్పుడే ముందు చక్రాలకి శక్తి వెళ్లేది), ఫ్రీ వీలింగ్ హబ్బులు (ముందు చక్రాన్ని షాఫ్ట్‌కి కలిపే, విడదీసే తాళాలు) ఉన్న బండిలో ఇంకో మెలిక ఉంది. హబ్బులు ఫ్రీలో ఉంటే ముందు షాఫ్టులు అసలు తిరగవు, జాయింట్ ఎంత పాడైనా మీకు ఏమీ వినపడదు. హబ్బులు లాక్ చేసి, ఫోర్‌వీల్ వేసి చూడాలి. ఆ పరీక్ష మట్టి మీదో కంకర మీదో చేయండి, తారు రోడ్డు మీద కాదు. ఇలాంటి బండ్లకి సెంటర్ డిఫరెన్షియల్ ఉండదు కాబట్టి గట్టి నేల మీద మలుపు తిప్పితే ముందు వెనక షాఫ్టులు ఒకదానికొకటి మెలిపడి బండి గింజుకుంటుంది, ఆ మోతలో జాయింట్ శబ్దం తేలదు, పైగా ఉన్న జాయింట్ మీద అనవసరమైన ఒత్తిడి.

చూసి తేల్చేది ఇంకా సులువు. స్టీరింగ్ ఒక వైపుకి పూర్తిగా తిప్పి, బూట్ మడతల్ని వేళ్లతో విడదీసి లోయల అడుగు దాకా చూడండి. పగుళ్లు మొదలయ్యేది అక్కడే, పైపైన చూస్తే బూట్ కొత్తదానిలాగే ఉంటుంది. చాలా కాలం టూవీల్‌లోనే నడిచిన బండికి బూట్ వాడకం వల్ల కాదు, వయసు వల్లే పగులుతుంది. గ్రీజు బూట్ సన్న చివరనున్న క్లిప్ దగ్గర మాత్రమే చెమ్మగా కనిపించి రబ్బరు బాగుంటే, క్లిప్ వదులైందేమో చూసి అది మార్చితే సరిపోవచ్చు.

ఏమేం కావాలి

బూట్ కిట్ కొనేటప్పుడు బండి మోడలుతో పాటు తయారైన సంవత్సరం, గేర్‌బాక్స్ రకం కూడా చెప్పండి, ఒకే పేరున్న బండిలో కూడా జాయింట్ సైజులు మారుతూ ఉంటాయి. కిట్‌లో బూట్, రెండు క్లిప్పులు, గ్రీజు ప్యాకెట్, వీలైతే సర్‌క్లిప్ (గాడిలో కూర్చుని భాగం జారకుండా ఆపే రింగు) ఉండాలి. ఒక వైపు షాఫ్ట్ విప్పితే ఆ వైపు రెండు బూట్లూ మార్చేయండి. లోపలి బూట్ బాగుంది కదా అని వదిలేస్తే ఆరు నెలలకో ఏడాదికో అదే పని మళ్లీ మొదటి నుంచి.

బూట్లలో నియోప్రీన్ రబ్బరువి మెత్తగా ఉంటాయి, చలిలో కూడా బాగా వంగుతాయి. థర్మోప్లాస్టిక్‌వి గట్టిగా ఉండి రాళ్ల దెబ్బలు తట్టుకుంటాయి, కానీ వాటికి క్లిప్ చాలా గట్టిగా పడాలి, అంటే సరైన క్లిప్ ప్లయర్ లేకుండా అవి వేయకండి. విప్పకుండానే తగిలించే చీలిక బూట్లు, జిగురుతోనో స్క్రూలతోనో అంటించేవి, దొరుకుతాయి. దారిలో ఆగిపోయినప్పుడు ఇంటికి చేర్చడానికి పనికొస్తాయి, అంతకు మించి వాటిని నమ్మను. శంకువు మీద నుంచి సాగదీసి జాయింట్ మీదుగా ఎక్కించే బూట్లు వాటికంటే నయమే, కానీ జాయింట్ విప్పకుండా వేస్తారు కాబట్టి లోపలి పాత గ్రీజు సరిగా కడగరు. ఈ పనిలో అసలు ముఖ్యమైనదే ఆ కడగడం.

గ్రీజు మాలిబ్డినం డైసల్ఫైడ్ కలిసిన సీవీ గ్రీజే అయి ఉండాలి, వీల్ బేరింగ్ గ్రీజు కాదు. లోపలి ట్రైపాడ్‌కి తయారీదారు వేరే రకం చెప్తే దానికి అదే వాడండి, రెండు ప్యాకెట్లూ వేర్వేరుగా ఇచ్చారంటే కారణం ఉండే ఇచ్చారు. పాతదాన్ని మొత్తం కడిగేస్తాం కాబట్టి రెండు రకాల గ్రీజు కలిసే గొడవ ఉండదు.

పనిముట్ల సంగతికొస్తే, మంచి జాకీ, రెండు యాక్సిల్ స్టాండ్లు, పొడుగు హ్యాండిల్, టార్క్ రెంచ్, సర్‌క్లిప్ ప్లయర్లు, బాల్ జాయింట్ (నకుల్‌ని సస్పెన్షన్ ఆర్మ్‌కి కలిపే గుండు కీలు) విడదీసే టూల్, ఇత్తడి కడ్డీ, రాగి లేదా ప్లాస్టిక్ తల ఉన్న సుత్తి, పెద్ద ప్రై బార్, కటింగ్ ప్లయర్, చెవి క్లిప్పులు నొక్కే ప్లయర్. కిరోసిన్, బ్రేక్ క్లీనర్, బోలెడన్ని గుడ్డలు, గ్లవ్స్, గుర్తులు పెట్టడానికి పెయింట్ మార్కర్. కడగడానికి పెట్రోల్ వాడకండి, ఆవిరికి ఒక్క నిప్పు రవ్వ చాలు. షాఫ్ట్ నేరుగా డిఫరెన్షియల్‌లోకి దిగే రకమైతే కొత్త ఆయిల్ సీల్, గేర్ ఆయిల్ కూడా దగ్గర పెట్టుకోండి. మీ బండి సర్వీస్ మాన్యువల్ తప్పనిసరి, ఎందుకంటే టార్క్ అంకెలు, బూట్ పొడవు కొలతలు బండి బండికీ వేరు.

షాఫ్ట్ బయటికి తీయడం

చదునైన గట్టి నేల మీద బండి ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకి అడ్డు పెట్టండి. షాఫ్ట్ చివర పెద్ద నట్టు ఉన్న రకమైతే చక్రం నేల మీద ఉండగానే, ఒకరు బ్రేక్ నొక్కి పట్టుకోగా, ఆ నట్టు వదులు చేయాలి. చాలా బండ్లలో దాని టార్క్ 200 న్యూటన్ మీటర్లు దాటుతుంది, స్టాండ్ మీదున్న బండి మీద అంత బలం వాడకూడదు. తర్వాత ముందు భాగం ఎత్తి ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందకి దూరొద్దు.

ఫ్రీ వీలింగ్ హబ్ ఉంటే పెద్ద నట్టుకి బదులు హబ్ మూత విప్పగానే షాఫ్ట్ చివర ఒక స్నాప్ రింగ్ కనిపిస్తుంది. అది తీయండి, దాని వెనక షిమ్ములు (సందు సర్దే పలచటి వాషర్లు) ఉంటే ఎన్ని, ఏ వరుసలో ఉన్నాయో అలాగే దాచండి. హబ్ బాడీ నట్లు విప్పాక స్టడ్ల చుట్టూ కోన్ వాషర్లు బిగుసుకుపోయి ఉంటాయి, స్క్రూ డ్రైవర్‌తో పీకడానికి ప్రయత్నించకండి. ఇత్తడి కడ్డీ స్టడ్ చివర ఆనించి సుత్తితో ఒక్క గట్టి దెబ్బ వేస్తే ఎగిరి బయటపడతాయి. ఈ రకంలో షాఫ్ట్ తీయడానికి వీల్ బేరింగ్ నట్లు కదిలించాల్సిన పని సాధారణంగా ఉండదు.

చక్రం తీసి, బ్రేక్ క్యాలిపర్ విప్పి తీగతో ఛాసిస్‌కి కట్టండి, హోస్ మీద బరువు పడనివ్వకండి. ఏబీఎస్ సెన్సార్ వైరు ఉంటే దాన్నీ విప్పేయండి.

ఇప్పుడు నకుల్‌ని పక్కకి తిప్పే జాగా కావాలి, దానికి ఒక బాల్ జాయింట్ విడదీయాలి. ఇక్కడ జాగ్రత్త. టార్షన్ బార్ ఉన్న బండిలో ఒక ఆర్మ్ ఎప్పుడూ స్ప్రింగ్ బలంతో నొక్కుకుని ఉంటుంది, బాల్ జాయింట్ వదలగానే అది దూకుతుంది, మధ్యలో వేలు ఉంటే వేలు పోతుంది. ముందు టార్షన్ బార్ సర్దుబాటు బోల్టు ఎంత బయటికి ఉందో కొలిచి రాసుకుని, దాన్ని వదులు చేసి ఒత్తిడి తగ్గించండి. ఆ తర్వాత కూడా కింది ఆర్మ్ కింద జాకీ ఆనించే ఉంచాలి. చక్రాల ఎలైన్‌మెంట్ సర్దే క్యామ్ బోల్టుల్ని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ముట్టుకోకండి, లేకపోతే ఆ పని కూడా నెత్తిన పడుతుంది.

షాఫ్ట్ చివరని హబ్ లోంచి లోపలికి తట్టేటప్పుడు నట్టుని షాఫ్ట్ థ్రెడ్ల (మరల) చివరి అంచుతో సమానంగా తిప్పి ఉంచి, మెత్తటి సుత్తితోనే కొట్టండి. మరలు పాడైతే షాఫ్ట్ మొత్తం పోయినట్టే. లోపలి చివర ఫ్లాంజ్‌కి బోల్టులతో బిగించి ఉంటే రెండు ఫ్లాంజ్‌ల మీదుగా పెయింట్ గీత గీసి విప్పండి, ఆయిల్ కారదు. నేరుగా డిఫరెన్షియల్‌లోకి దిగే రకమైతే కింద పళ్లెం పెట్టి, ముందే ఆయిల్ దించి, ప్రై బార్‌ని లోపలి కప్పుకీ కేసింగ్‌కీ మధ్య పెట్టి టక్కున ఒక కుదుపు ఇస్తే లోపలి క్లిప్ వదులుతుంది. బార్ కొస సీల్ పెదవికి తగలకూడదు. షాఫ్ట్ మధ్యలో పట్టుకుని లాగడం మాత్రం వద్దు. లాగితే డిఫరెన్షియల్ లోంచి రాదు, లోపలి జాయింటే బూట్‌లో విడిపోతుంది. తీసేటప్పుడు రెండు చివర్లూ చేతులతో మోసి దించండి.

ఇంకో మాట. షాఫ్ట్ నట్టుతోనే హబ్ బేరింగ్ బిగిసి ఉండే రకం బండ్లని షాఫ్ట్ లేకుండా చక్రాల మీద దించి తోయకండి, బేరింగ్ విడిపోయే ప్రమాదం ఉంది.

బెంచ్ మీద: లోపలి వైపు నుంచి మొదలు

పాత జపనీస్ బండ్లలో చాలావాటికి బయటి జాయింట్ షాఫ్ట్ నుంచి ఊడదు. దాని బూట్ కూడా లోపలి వైపు నుంచే ఎక్కించాలి. అందుకే మాన్యువల్ వేరేలా చెప్తే తప్ప ముందు లోపలి జాయింట్ విప్పండి. వైస్‌లో షాఫ్ట్ బిగించేటప్పుడు దవడలకి రాగి రేకో చెక్క ముక్కలో అడ్డు పెట్టండి.

క్లిప్పులు కత్తిరించి, బూట్ వెనక్కి జరిపి, కొంచెం గ్రీజు తుడిచి, కప్పు, ట్రైపాడ్, షాఫ్ట్ మూడింటి మీదా పెయింట్‌తో గుర్తులు పెట్టండి. పంచ్‌తో గాటు పెట్టొద్దు, గట్టిపరిచిన స్టీలుకి పగుళ్లు అక్కడి నుంచే మొదలవుతాయి. కప్పు లాగగానే రోలర్ల చుట్టూ ఒక చుట్టు టేపు వేసేయండి, కొన్నింటిలో రోలర్ ఊడితే లోపలి సన్నటి నీడిల్స్ అన్నీ నేల మీదే. సర్‌క్లిప్ తీసి ట్రైపాడ్‌ని ఇత్తడి కడ్డీతో మధ్య భాగం మీదే తట్టి దించాలి, రోలర్ల మీద కాదు. ట్రైపాడ్ ఒక ముఖానికి అంచు ఏటవాలుగా ఉండొచ్చు, అది ఎటు చూస్తోందో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. తిరగేసి వేస్తే సర్‌క్లిప్ గాడిలో సరిగా కూర్చోదు.

డబుల్ ఆఫ్‌సెట్ రకంలో కప్పు నోటి దగ్గర పెద్ద తీగ రింగు ఉంటుంది. స్క్రూ డ్రైవర్‌తో అది లేపి, కప్పు లాగేస్తే కేజ్, బాల్స్ షాఫ్ట్‌తో పాటే వస్తాయి. కేజ్‌కి కూడా ముందూ వెనకా ఉంటుంది కాబట్టి దానికీ గుర్తు పెట్టండి.

బయటి జాయింట్ ఊడే రకమైతే రెండు పద్ధతులు. ఇన్నర్ రేస్ దగ్గర చెవులున్న సర్‌క్లిప్ కనపడితే దాన్ని ప్లయర్‌తో విప్పి పట్టుకుని లాగాలి. ఏమీ కనపడకపోతే లోపల దాగిన తీగ క్లిప్ ఉంటుంది, ఇన్నర్ రేస్ మీద ఇత్తడి కడ్డీ ఆనించి గట్టిగా ఒకటి రెండు దెబ్బలు వేస్తే వచ్చేస్తుంది. కేజ్ మీద కొట్టకూడదు, అది పెళుసు.

కడగడం, తీర్పు చెప్పడం

తీసిన గ్రీజుని పారేసే ముందు రెండు వేళ్ల మధ్య రుద్ది చూడండి. నల్లగా, నున్నగా ఉంటే మంచిది, మాలిబ్డినం గ్రీజు రంగే అది. పాలు కలిసినట్టు బూడిద రంగుకి తిరిగితే నీళ్లు దూరాయి. వేళ్లకి గరగర తగిలితే ఇసుక. మెరిసే సన్న రేణువులు కనిపిస్తే అది జాయింట్ లోపలి స్టీలే.

కిరోసిన్‌లో ముంచి, బ్రష్‌తో రుద్ది, జాయింట్‌ని అన్ని వైపులా వంచుతూ మూడు నాలుగు సార్లు కడగండి. చివరి కిరోసిన్ తేటగా బయటికి వచ్చే దాకా ఆపొద్దు. తర్వాత బ్రేక్ క్లీనర్ కొట్టి పూర్తిగా ఆరనివ్వాలి. తడి మిగిలితే కొత్త గ్రీజుని పలచన చేస్తుంది. కంప్రెసర్ గాలి వాడితే కళ్లద్దాలు పెట్టుకోండి, బాల్స్‌ని గాలితో గిర్రున తిప్పి ఆడుకోవద్దు.

గ్రీజులో ఇసుక తగిలిందంటే, విప్పడానికి వీలున్న జాయింటైతే, బాల్స్ కూడా బయటికి తీసి చూడటం మంచిది. ఇన్నర్ రేస్‌ని ఒక వైపుకి బాగా వంచితే ఎదుటి బాల్ కేజ్ కిటికీలోంచి బయటికి తేలుతుంది, దాన్ని తీసి తర్వాతి దానికి వెళ్లండి. ఏ బాల్ ఏ కిటికీదో అదే వరుసలో గుడ్డ మీద పేర్చండి, కలిసి అరిగినవి మళ్లీ కలిసే ఉండాలి. ఆరూ వచ్చాక కేజ్‌ని నిలువుగా తిప్పి, పెద్ద కిటికీలు గిన్నె గట్లకి ఎదురుగా వచ్చేలా చేస్తే మొత్తం బయటికి వచ్చేస్తుంది.

ఇక చూడాల్సింది. గాడుల్లో బాల్ నడిచిన చోట మెరిసే దారి ఉంటే అది మామూలే. ఆ దారి అంచు మీద గోరు అడ్డంగా లాగితే తగులుకుంటోందా? చిన్న గుంటలు, పెచ్చులు ఊడిన మచ్చలు ఉన్నాయా? కేజ్ కిటికీల్లో బాల్స్ నొక్కి నొక్కి పల్లాలు పడ్డాయా, మూలల్లో వెంట్రుక లాంటి పగులు ఏమైనా ఉందా? లోహం నీలంగా మారిందా? నీలం అంటే గ్రీజు లేక వేడెక్కింది, గట్టిదనం పోయింది. వీటిలో ఏది కనిపించినా ఆ జాయింట్‌కి బూట్ ఖర్చు దండగ. ముందే టక్ టక్ మన్న జాయింట్ కూడా కొత్త గ్రీజుతో కొన్నాళ్లు నెమ్మదిస్తుంది, అంతే, బాగుపడదు. గాడుల్లో అరుగుదల సమంగా ఉండి శబ్దమే లేనిదైతే నిశ్చింతగా కొత్త బూట్ వేయండి.

బూట్, గ్రీజు, క్లిప్పులు

వరుస తప్పితే మళ్లీ విప్పాల్సిందే, కాబట్టి ఎక్కించే ముందు భాగాల్ని బల్ల మీద వరసగా పేర్చుకోండి. లోపలి వైపు నుంచి ఎక్కిస్తున్నప్పుడు బయటి బూట్, దాని సన్న క్లిప్, తర్వాత లోపలి బూట్ సన్న క్లిప్, లోపలి బూట్, చివర్లో ట్రైపాడ్. బయటి బూట్ పెద్ద నోరు చక్రం వైపు, లోపలి బూట్ పెద్ద నోరు డిఫరెన్షియల్ వైపు. షాఫ్ట్ చివరి స్ప్లైన్‌ల (పొడుగు పళ్ల) మీద రెండు చుట్లు టేపు చుట్టి, మీద పలచగా గ్రీజు రాసి ఎక్కించండి, లేకపోతే ఆ పళ్లు కొత్త బూట్ పెదవిని లోపలి నుంచి కోసేస్తాయి, మీకు తెలియను కూడా తెలియదు.

కిట్‌తో వచ్చిన గ్రీజు మొత్తం ఆ జాయింట్‌కే. ఒక్కో జాయింట్‌కి ఇది సుమారు 80 నుంచి 150 గ్రాముల మధ్య ఉంటుంది. సగానికి పైగా జాయింట్‌లోకే వెళ్లాలి: బాల్స్ మధ్యలో వేలితో కూరి, జాయింట్‌ని వంచి, మళ్లీ కూరి, వెనక నుంచి గ్రీజు తోసుకొచ్చే దాకా. మిగతాది బూట్‌లో. ఎక్కువ వేస్తే మంచిదని ఇంకో ప్యాకెట్ పిండకండి, వేడెక్కినప్పుడు బూట్ ఉబ్బి క్లిప్ దగ్గర కక్కేస్తుంది.

బూట్ పెదవులు కూర్చునే గాడులు, షాఫ్ట్ మీదవీ కప్పు మీదవీ, బ్రేక్ క్లీనర్‌తో తుడిచి పొడిగా ఉంచండి. గ్రీజు మీద కూర్చున్న పెదవి క్లిప్ కింద జారుతుంది. తుప్పు ఉంటే సన్న ఎమరీ కాగితంతో తీసేయండి. సర్‌క్లిప్‌లు కొత్తవే వేసి, గాడిలో పూర్తిగా దిగాయో లేదో స్క్రూ డ్రైవర్‌తో తిప్పి చూడండి.

క్లిప్పులు బిగించే ముందు రెండు పనులున్నాయి. లోపలి జాయింట్‌ని మాన్యువల్ చెప్పిన పొడవుకి తేవాలి, బూట్ లాగినట్టూ ఉండకూడదు, నలిగినట్టూ ఉండకూడదు. ఆ పొడవులో సన్న పెదవి కింద మొద్దు కొస ఉన్న చిన్న స్క్రూ డ్రైవర్ దూర్చి లోపలి గాలిని వదిలేయండి. గాలి బిగిసి ఉంటే బూట్ ఉబ్బుతుంది, లోపల శూన్యంలా అయితే మడతలు లోపలికి పీల్చుకుని షాఫ్ట్‌కి రాసుకుంటాయి. బూట్ మెలితిరిగి లేదని మడతల వెంట చూసి నిర్ధారించుకోండి.

తర్వాత పెద్ద క్లిప్ ముందు, సన్నది తర్వాత. చెవి క్లిప్ అయితే చెవి రెండు పక్కలూ దాదాపు కలిసే దాకా ప్లయర్‌తో నొక్కాలి, బిగించాక వేలితో తిప్పితే కదలకూడదు. సన్న పెదవిని రబ్బరు కోసుకుపోయేంత నొక్కడం కూడా తప్పే. ప్లాస్టిక్ కేబుల్ టైలు వేసి వదిలేయకండి, గ్రీజు వేడికీ షాఫ్ట్ తిరిగే బలానికీ అవి నిలవవు. చివరగా జాయింట్‌ని చేత్తో అన్ని వైపులా వంచి చూస్తే ఎక్కడైనా పట్టుకుంటోందో లేదో ఇక్కడే తెలిసిపోతుంది.

తిరిగి బిగించడం

డిఫరెన్షియల్ ఆయిల్ సీల్ పాతదైతే ఇప్పుడే మార్చేయండి, షాఫ్ట్ బయట ఉండగా అది చిటికెలో పని. సీల్ పెదవికి కాస్త గ్రీజు రాసి, షాఫ్ట్‌ని తిన్నగా పట్టుకుని స్ప్లైన్‌లు కలిసేదాకా తిప్పి, కప్పు అంచు మీద ఒక్క నెట్టు నెడితే క్లిప్ పడ్డ శబ్దం తెలుస్తుంది. పడిందో లేదో చూడటానికి కప్పుని పట్టి లాగండి, షాఫ్ట్‌ని కాదు. ఫ్లాంజ్ రకమైతే పెయింట్ గీతలు కలిపి, నట్లు ఎదురెదురుగా బిగించుకుంటూ రండి.

హబ్ వైపు షాఫ్ట్ దూర్చే ముందు నకుల్ లోపల కొన్నింటిలో బుష్, కొన్నింటిలో నీడిల్ బేరింగ్ ఉంటుంది. దాన్ని తుడిచి కొత్త గ్రీజు పెట్టండి, దీన్ని ఎవరూ పట్టించుకోరు, తర్వాత లాక్ చేసిన హబ్ నుంచి ఊళ శబ్దం వస్తోందని వెతుకుతూ ఉంటారు. ఫ్రీ హబ్‌లో స్నాప్ రింగ్ వేయాలంటే షాఫ్ట్ చివర మర ఉన్న రంధ్రంలో ఒక బోల్టు తిప్పి బయటికి లాగితే గాడి కనిపిస్తుంది. హబ్ మెకానిజానికి గ్రీజు పలచగా చాలు, కూరేస్తే డయల్ తిరగదు.

బాల్ జాయింట్ నట్టు మాన్యువల్ చెప్పిన టార్క్‌కి బిగించి కొత్త స్ప్లిట్ పిన్ వేయండి, రంధ్రం కలవకపోతే ఇంకాస్త బిగించాలి గానీ వెనక్కి వదలకూడదు. టార్షన్ బార్ బోల్టుని రాసుకున్న కొలతకి తెచ్చి, బండి కిందకి దించాక రెండు పక్కలా ఎత్తు సమానంగా ఉందో లేదో కొలవండి. రబ్బరు బుష్‌ల బోల్టులు ఏమైనా విప్పి ఉంటే వాటి చివరి బిగింపు బండి చక్రాల మీద నిలబడ్డాకే. పెద్ద హబ్ నట్టు కూడా అంతే, కొత్త నట్టు, చక్రం నేల మీద, టార్క్ రెంచ్‌తో. గేర్ ఆయిల్ నింపే ముందు నింపే ప్లగ్ ఊడుతుందో లేదో చూసుకోండి, దించాక అది రాకపోతే బండి కదలదు. దించకముందే చూసుకుంటే ఇంకా మంచిది.

సాలిడ్ యాక్సిల్ బండ్లకి

ఇక్కడ బూట్ లేదు, నకుల్ వెనక గోళం మీద రాసుకునే వైపర్ సీల్, లోపల జాయింట్, దాని చుట్టూ మాలిబ్డినం గ్రీజు. నకుల్ వెనక నుంచి పలచటి నల్ల ద్రవం కారుతుంటే యాక్సిల్ ట్యూబ్ చివరున్న లోపలి ఆయిల్ సీల్ పోయింది, డిఫరెన్షియల్ ఆయిల్ వచ్చి గ్రీజుని రసం చేస్తోంది. వైపర్ సీల్ మాత్రమే మార్చి సరిపెడితే మళ్లీ అదే కారుతుంది. హబ్, స్పిండిల్ విప్పితే షాఫ్ట్ జాయింట్‌తో సహా బయటికి వస్తుంది, నకుల్ కూడా దించి లోపల కడిగి, లోపలి సీల్, వైపర్ సీళ్లు, ట్రనియన్ బేరింగులు (నకుల్ వీటి మీదే తిరుగుతుంది) అన్నీ ఒకేసారి చూసేయడం మంచిది. ట్రనియన్ కింద మీద ఉన్న షిమ్ములు ఏ వైపువి ఆ వైపే తిరిగి వెళ్లాలి, నకుల్ తిరిగే బిగువుని స్ప్రింగ్ కాటాతో లాగి మాన్యువల్ అంకెకి సరిచూడాలి. గోళం ఉపరితలం మీద తుప్పు గుంటలుంటే ఎమరీ పట్టించి నున్నగా చేయకపోతే కొత్త సీల్ కూడా త్వరగా పోతుంది.

ల్యాండ్ క్రూజర్ నడిపేవాళ్లలో పాత అలవాటు ఒకటుంది. శబ్దం అప్పుడే మొదలైన జాయింట్లని కుడి నుంచి ఎడమకి, ఎడమ నుంచి కుడికి మార్చి వేస్తారు. బండి ఎక్కువగా ముందుకే నడుస్తుంది కాబట్టి గాడి ఒక పక్కే అరుగుతుంది, వైపు మారిస్తే భారం అరగని పక్క మీద పడుతుంది. గుంటలు పడ్డ జాయింట్‌కి ఇది పనిచేయదు. షాఫ్టుల పొడవు వేరైతే షాఫ్ట్‌తో సహా మార్చడం కుదరదు, జాయింట్ ఊడదీసి వాటిని మాత్రమే మార్చాలి.

బండి దించాక

స్టీరింగ్ రెండు వైపులా చివరి దాకా తిప్పి బూట్ మడతలు ఎక్కడా తగలట్లేదని, బ్రేక్ హోస్ మెలిపడలేదని చూడండి. బ్రేక్ పెడల్ నాలుగైదు సార్లు నొక్కి గట్టిపడ్డాకే కదలండి. మట్టి నేల మీద ఫోర్‌వీల్ వేసి రెండు వైపులా మలుపులు తిప్పి వినండి. మొదటి ప్రయాణం అయ్యాక కింద దూరి సన్న క్లిప్పులు, డిఫరెన్షియల్ సీల్ చుట్టూ చెమ్మ ఉందేమో చూసి, వీల్ నట్లు మళ్లీ టార్క్ చేయండి. కొత్త బూట్ మీద మొదట్లో కొంచెం గ్రీజు మరక కనిపిస్తే అది బిగించేటప్పుడు అంటుకున్నదే కావచ్చు, తుడిచేసి వారం తర్వాత చూస్తే తేలిపోతుంది.

బండి ఎత్తు పెంచి ఉంటే మాత్రం షాఫ్టులు ఎప్పుడూ వంగే ఉంటాయి, మడతలు ఒకదానికొకటి రాసుకుని బూట్లు మామూలు కంటే చాలా త్వరగా పోతాయి. అలాంటి బండికి ప్రతి ఆయిల్ మార్పుకీ ఒకసారి బూట్లు విడదీసి చూడటం తప్పనిసరి చేసుకోండి. ఫ్రీ హబ్ ఉన్నవాళ్లు నెలకోసారైనా హబ్బులు లాక్ చేసి కొద్ది దూరం నడపండి, లేదంటే గ్రీజు ఒక చోటే పేరుకుని పైనున్న బాల్స్ ఎండిపోయి తుప్పు పడతాయి.